మెత్తదనం పనికిరాని సీటు

ఐదేళ్ల లోపు పిల్లలకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. టికెట్ లేదంటే సీటూ లేదనే లెక్క. అమ్మ ఒడిలోనో, తాత తొడ మీదనో, మరీ రద్దీగా ఉంటే ముక్కూ మొహం తెలియని మనిషి మోకాళ్ల మీదనో పిల్ల కూర్చునేది. ఐదు దాటి పన్నెండు దాకా సగం టికెట్. ఆ సగం టికెట్ కొన్న పిల్లను కూడా పెద్దమనిషి ఎవరైనా ఎక్కితే "జర లేచి నిలబడు బిడ్డా" అనడం రివాజు. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టారు. 1958 జనవరిలో అది ఆర్టీసీ అయింది. రంగులు మారాయి, పేర్లు మారాయి, పిల్లకు సీటు మాత్రం ఎవరూ లెక్కగట్టలేదు.

ఈ సంగతి నాకు పట్టడానికి కారణం నేను బతుకంతా సీట్లు కుట్టినవాణ్ని కావడమే. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా పని. బయట బోర్డు మీద "కుషన్ వర్క్స్" అని ఉండేది. లారీ క్యాబిన్లు, ఆటో హుడ్లు, స్కూటర్ సీట్లు, తర్వాత తర్వాత కార్ల సీటు కవర్లు. నాకు పని నేర్పిన ఉస్తాద్ సనత్‌నగర్ ఆల్విన్‌లో బస్సు బాడీలు కట్టే సెక్షన్‌లో పనిచేసి బయటికి వచ్చినవాడు. ఆయన దగ్గర నేను చేరింది 1981లో. మొదటి ఏడాదంతా దబ్బనంలో దారం ఎక్కించడం, పాత సీట్ల నుంచి మేకులు పీకడం, కొబ్బరిపీచు దులపడం. రెక్సిన్ మీద కత్తెర పెట్టనిచ్చింది తర్వాతెప్పుడో. "కూర్చున్నవాడికి సీటు గుర్తు రావొద్దు, గుర్తొచ్చిందంటే పని చెడింది" అని ఉస్తాద్ అనేవాడు. మా పనిలో గొప్పతనమంతా మెత్తదనంలోనే ఉండేది.

పిల్లల సీటు అడిగినవాళ్లు అప్పుడు కూడా లేకపోలేదు. మొదట వచ్చినవి సైకిళ్లు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చింది, ఇక్రిశాట్ 1972లో వచ్చింది, ఆ వెనకే పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా లేచింది. చుట్టూ పల్లెల నుంచి డ్యూటీకి వచ్చేవాళ్లందరూ సైకిళ్ల మీదే. సైరన్ మోగితే గేటు ముందు రోడ్డు కనపడేది కాదు. ఆ సైకిళ్ల మీదే పొద్దున పిల్లను బడి దగ్గర దింపాలి. ముందు బార్‌కు తువ్వాలు చుట్టి దాని మీద కూర్చోబెట్టేవారు. కాస్త పైసలున్నవాళ్లు బార్‌కు బిగించే చిన్న సీటు కొని మా దగ్గరికి తెచ్చేవారు, "గట్టిగున్నది, కొంచెం మెత్తగ చెయ్యి" అని. లోపల కాస్త పీచు కుక్కి పైన ఎర్ర రెక్సిన్ వేసి ఇచ్చేవాళ్లం. కాళ్లు చక్రంలో పడకుండా ఏదైనా అడ్డం పెట్టమని అడిగిన మనిషి నాకు గుర్తులేడు.

మా కిష్టారెడ్డిపేట అప్పుడు నాలుగిళ్ల ఊరు. ఈ బీరంగూడ రోడ్డంతా చేన్లు, చెల్కలు. శివరాత్రికి బీరంగూడ గుట్ట జాతరకు కచ్చురాలు కట్టేవారు. అడుగున వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పిల్లలందరినీ నడుమ కూర్చోబెట్టి, చుట్టూ ఆడవాళ్లు అంచులకు కూర్చునేవారు. ఎద్దుల నడకకు ఆ ఏర్పాటు సరిపోయేది. బండి గోతిలో పడ్డా పిల్ల గడ్డి మీదనే పడేది. తిప్పలంతా ఎక్కడొచ్చిందంటే, ఎద్దుల వేగానికి పుట్టిన ఈ ఒడి లెక్కను అట్లనే తెచ్చి ఇంజను బండ్ల మీద పెట్టుకున్నాం.

స్కూటర్ల కాలానికి అది బాగా కనపడింది. ఆల్విన్ వాళ్లు పుష్పక్ అని ఒక స్కూటర్ తెచ్చారు. మన పురాణంలో పుష్పక విమానానికి ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందంటారు. పేరు పెట్టినవాళ్లు ఏం తలచారో గాని జనం ఆ పేరుకు న్యాయం చేశారు. చేతక్ అయినా పుష్పక్ అయినా పద్ధతి ఒకటే. పెద్ద పిల్లవాడు ముందు హ్యాండిల్ పట్టుకుని నిలబడాలి, నాయిన నడపాలి, రెండోది నడుమ ఇరుక్కోవాలి, పసిది వెనక అమ్మ ఒడిలో. ముందు నిలబడే పిల్లవాడి కోసం మడత పెట్టే చిన్న పీట సీటు ఒకటి బిగించేవాళ్లం. టీవీఎస్ ఫిఫ్టీలు, ఆ తర్వాత యాక్టివాలు వచ్చాక ఇనుప చువ్వల కుర్చీలు, బెత్తం కుర్చీలు రోడ్డు పక్కన వేలాడదీసి అమ్మడం మొదలైంది. వాటికి పైన గుడ్డ, కింద ఫోము మా పని.

ఆటోల పని వేరు. బడి ఆటోకు వెనక సీటు ఎదురుగా ఒక చెక్క కొట్టాలి, పక్కలకు ఇంకో చెక్క. వాటి మీద అంగుళం ఫోము, పైన నీలం రెక్సిన్. ముగ్గురు పెద్దలకు చేసిన బండిలో పది మంది పిల్లలు పడతారు. చెక్క వెడల్పు ఎంతుండాలో మాకు కంఠతా వచ్చు: పిల్ల కూర్చోగలగాలి, కాని మోకాళ్లు ఎదుటి పిల్లకు తగలకూడదు. ఆ పనిలో కళ ఉంది. పట్టి ఉంచే తాడు గాని బెల్టు గాని ఏదీ లేదు. పిల్లల సీటంటే మాకు ఇంకొకరిని ఎక్కించే ఉపాయం.

మనమొక్కళ్లమే ఇట్ల అనుకున్నామని చాలాకాలం నా ఉద్దేశం. అల్లుడు ఫోనులో పాత అమెరికా బొమ్మలు చూపిస్తే తెలిసింది, వాళ్ల కథా ఇట్లనే మొదలైందని. 1930లలో బన్నీ బేర్ అనే కంపెనీ కార్లలో పిల్లల సీట్లు అమ్మింది. పిల్లను ఎత్తులో కూర్చోబెట్టే కుర్చీ అది, పిల్లకు కిటికీ బయట కనపడాలని, డ్రైవింగ్ చేస్తున్న నాయినకు పిల్ల కనపడాలని. దెబ్బ తగిలితే ఏమవుతుందన్న ఆలోచన ఆ ఇనుప చట్రంలో లేదు. ఆ ఆలోచన వచ్చింది 1962లో. ఇంగ్లండులో జీన్ ఏమ్స్ అనే ఆవిడ, అమెరికాలో లెనార్డ్ రివ్‌కిన్ అనే ఆయన, ఎవరికి వారే పిల్లను పట్టి ఉంచే సీటు తయారుచేశారు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్ ఇంకొక అడుగు వేశాడు. అంతరిక్షానికి పోయేవాళ్లు వెల్లకిలా పడుకునే సీట్లను చూసి, పిల్లను వెనక్కి తిప్పి కూర్చోబెడితే దెబ్బ వీపంతా పరుచుకుంటుందని పట్టుకున్నాడు. పసిపిల్లకు ఒంటి పొడవులో నాలుగో వంతు తలకాయే. మెడ ఇంకా పచ్చిది. ముందుకు చూస్తూ కూర్చుంటే కారు ఆగినా ఆ తల ఆగదు.

చట్టం వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ సాండర్స్ అనే పిల్లల డాక్టరు ఊరూరా తిరిగి, శాసనసభ్యులను బతిమాలి, 1978 జనవరి నుంచి పిల్లలకు సీటు తప్పనిసరి చేయించాడు. అమెరికాలో అదే మొదటి చట్టం. కాని సభలో ఒక మెలిక పెట్టారు: తల్లి ఒడిలో ఉన్న పిల్లకు సీటు అక్కర్లేదని. ఆ డాక్టరు ఆ మెలికకు పిల్లల్ని నలిపే సవరణ అని పేరు పెట్టి మూడేళ్లు కొట్లాడి 1981లో తీసేయించాడు. ఈ ముక్క విన్నప్పుడు నాకు మా బస్సులు, స్కూటర్లు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఒడి మీద నమ్మకం మన ఊళ్లదే కాదన్నమాట.

ఆ నమ్మకాన్ని లెక్కలో పెట్టి చూడొచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ ఆ క్షణంలో దాని బరువుకు సుమారు 20 రెట్లు అవుతుంది. ఎనిమిది కిలోల పిల్ల 160 కిలోలు. మూడు సిమెంటు బస్తాలను చేతుల్లో ఆపగలిగిన తల్లి ఎక్కడైనా ఉంటే ఆమె ఒడి చాలు.

కార్లు మా షెడ్డుకు రావడం మారుతి 800తో మొదలైంది. అది 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చినా మా రోడ్డు మీద నాలుగు కనపడేసరికి తొంభైలు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పడ్డాక మాత్రం ఆగలేదు. కిష్టారెడ్డిపేట చేన్లు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. మొన్నమొన్నటి దాకా పంచాయతీగా ఉన్న ఊరు అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. కొత్త కారు కొన్నవాళ్లు రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా సీటు కవర్ల షాపుకే వచ్చేవారు. కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు తీయనివ్వకుండా దాని పైనే కవర్లు వేయమనేవాళ్లు కొందరు. దాని మీద పిల్ల జారుడుబండ ఆడినట్టే.

అప్పటికి చట్టాలూ వచ్చాయి. ముందు సీట్లకు బెల్టు 1994లో, వెనక సీట్లకు 2002లో కార్ల కంపెనీలకు తప్పనిసరి చేశారు. కంపెనీ బిగించి పంపిన వెనక బెల్టుల గతి ఏమైందో సీటు కవర్లు కుట్టినవాళ్లను అడగాలి. బకిల్ గుచ్చుకుంటుంది, చూపుకు బాగుండదు, లోపలికి తోసెయ్యమని కస్టమరే చెప్పేవాడు. మా రోడ్డు మీద ఏ షాపులో అయినా అదే పద్ధతి: బకిల్‌ను సీటు సందులోకి నెట్టి, పైన అతుకు లేకుండా కవరు లాగి బిగించడం. అతుకు లేకపోతే పని శుభ్రంగా ఉందని మెచ్చుకునేవారు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ కారు ప్రమాదంలో చనిపోయాక, కొన్నాళ్లు కస్టమర్లు ఆ బకిళ్లను మళ్లీ బయటికి తీయించుకున్నారు. కొన్నాళ్లే.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అని ఒక సెక్షన్ చేర్చారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లను బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2022లో రెండు చక్రాల బండ్లకూ రూలు పెట్టారు: నాలుగేళ్ల లోపు పిల్లకు నడిపేవాళ్లతో కలిపి కట్టే పట్టీ, హెల్మెట్, వేగం 40 దాటకూడదు. మా రోడ్డు మీద ఆ పట్టీ కట్టుకున్న పిల్లను చూస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. చలానా రాస్తారన్న భయంతో సీటు కొన్న మనిషి మాత్రం నాకు తగల్లేదు. కొన్నవాళ్లందరికీ వేరే కారణాలున్నాయి. మా ఇంట్లో కారణం 2024 ఫిబ్రవరి 23. ఆ తెల్లవారుజామున సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గర ఓఆర్‌ఆర్ మీద కారు ప్రమాదంలో చనిపోయింది. మా ఇంటికి ఎంతో దూరం కాదు. మా బిడ్డకు నెలలు నిండక ముందే సీటు మాట ఇంట్లోకి వచ్చింది ఆ వార్త వల్లనే.

మా అల్లుడిది పాశమైలారంలో ఉద్యోగం. వాళ్ల పెద్ద కారుకు వెనక సీటు సందులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయి. 1999లో ప్రపంచమంతటికీ ఒకే కొలతగా నిర్ణయించిన కొక్కేలవి. సీటు అడుగున ఉన్న నాలుకలు వాటిలో టక్కున దిగుతాయి, బెల్టుతో పనిలేదు. అందులో మంచి ఖరీదైన సీటు పెట్టారు. ఆ కారు పొద్దున ఏడింటికి అల్లుడితో పాటు పోతుంది. ఇంట్లో మిగిలేది పాత వ్యాగన్ ఆర్. టీకాకైనా, జ్వరమొచ్చి బీరంగూడ డాక్టరు దగ్గరికైనా, పిల్లను మా ఇంట్లో వదలడానికైనా మా బిడ్డ నడిపేది ఆ బండినే. "దగ్గరే కదా, ఈ బండికెందుకు?" అని అల్లుడి మాట. నా లెక్క తలకిందులు. పెద్ద కారు పిల్లను ఎక్కించుకునేది ఆదివారం. చిన్న కారు ఎక్కించుకునేది రోజూ, అదీ టిప్పర్లు ఎదురొచ్చే సర్వీసు రోడ్డు మీద. పైసలు తక్కువున్నాయంటే పెద్ద కారుకే తక్కువ సీటు పెట్టాలె తప్ప దీనికి లేకుండా చేయకూడదు.

ఊరికే వచ్చే సీటు ఒకటి ఉండె. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ కాన్పు అయ్యాక ఆసుపత్రి నుంచి పిల్లను పంపేముందు నర్సు కారు దాకా వచ్చి సీటు ఉందా లేదా చూసి పోయిందని అక్క ఇప్పటికీ వింతగా చెబుతుంది. వాళ్ల పిల్లవాడు పెరిగాక ఆ సీటు మాకు పంపిస్తానన్నాడు. మంచి సీటే. వెనక ప్లాస్టిక్ మీద ఎప్పటి దాకా వాడొచ్చో అచ్చేసి ఉంది, ఇంకా టైముంది, ఏ ప్రమాదంలోనూ పడలేదు. అయినా వద్దన్నాను. అమెరికా కార్లలో వెనక బెల్టును పూర్తిగా లాగి వదిలితే అది మళ్లీ వదులు కాకుండా బిగిసిపోతుంది. అక్కడి సీట్లు చాలావరకు ఆ బిగింపు మీద ఆధారపడతాయి. మా పాత బండి బెల్టు గట్టిగా గుంజితేనే పట్టుకుంటుంది, మామూలప్పుడు వదులుగానే ఉంటుంది. ఆ సీటు ఇందులో పెడితే మలుపు మలుపుకూ పక్కకు ఒరుగుతుంది.

కాబట్టి ఈ బండికి కావలసింది బెల్టుతోనే బిగించేది, బెల్టును పట్టి ఉంచే క్లిప్పు సీటుకే ఉన్నది, ముందు వెనక్కి తిప్పి, తర్వాత ముందుకు తిప్పి పెట్టుకునేది. అటువంటివి మన దగ్గర ఏడెనిమిది వేలకు దొరుకుతున్నాయి. షాపులో మొదట చూసింది నారింజ రంగు స్టిక్కరు: గుండ్రంలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కన దేశం అంకె, కింద ఆర్44 నంబరు. యూరప్ పరీక్ష పాసయిందని దాని అర్థం. మన దేశానిది ఏఐఎస్-072. ఇటువంటి పరీక్ష గుర్తేదీ లేకుండా సేఫ్టీ అని పెద్ద అక్షరాలతో అచ్చేసినవి తక్కువ ధరకు వేలాడుతుంటాయి, అవి కుర్చీలు మాత్రమే. తర్వాత గుడ్డ ఎత్తి కింద చూశాను. షాపు పిల్లవాడు కంగారుపడ్డాడు. పట్టీలు కుట్టిన చోట అడ్డం నిడుపు నాలుగు వరసల కుట్టు ఉందా, దారం నైలానా, తల పక్కన రెక్కల్లో థర్మాకోల్ లాంటి గట్టి నురుగు ఉందా లేక ఒట్టి ఫోమా. ఒట్టి ఫోము దెబ్బకు అణిగి మళ్లీ లేస్తుంది, తలను వెనక్కి తంతుంది. ఆ గట్టి నురుగు నలిగి అక్కడే ఆగిపోతుంది. నలగడమే దాని పని.

వ్యాగన్ ఆర్‌ను షాపు ముందుకు తెప్పించి, పైసలు కట్టకముందే పెట్టి చూశాం. వెనక్కి తిప్పి పెట్టే సీటుకు బెల్టు చాలా పొడుగు కావాలి; చిన్న కార్లలో అందక ఆగిపోతుంది. ఒక సీటుకు బకిల్ నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. ఇంకొకదానికి అందింది. వెనక్కి తిప్పినప్పుడు నీలం గుర్తులున్న దారిలో బెల్టు పోవాలి, ముందుకైతే ఎర్ర గుర్తులున్న దారిలో. నడుమ సీట్లో ఒట్టి నడుము బెల్టే ఉంది కనుక ఎడమ కిటికీ వైపు పెట్టాం, ముందు సీటు కొంచెం జరిపి. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా, వెనక్కి తిప్పిన సీటు పెట్టడం మాత్రం చావుతో ఆట.

బిగించాక బెల్టు దగ్గర పట్టుకుని ఊపితే సీటు అంగుళానికి మించి కదలకూడదు. అది రెండంగుళాలు కదిలింది. ఎంత మోకాలు పెట్టి నొక్కి లాగినా అంతే. కారణం నాకే ముందు తెలిసింది: కింద సీటు కవరు. రెండు పొరల ఫోము, డైమండ్ కుట్టు, మా రోడ్డు పనే. ఆ మెత్తదనం అణిగినప్పుడల్లా బెల్టు వదులవుతోంది. కవరు విప్పేసి, కంపెనీ ఇచ్చిన ఉత్త గుడ్డ మీద పెడితే సీటు పాతుకుంది.

ఇంట్లో రెండో పంచాయితీ బొంత మీద. మా ఆవిడ పాత చీరలతో మనవరాలికి బొంత కుట్టి ఉంచింది. "గంత గట్టి సీట్ల పసిదాన్ని పండబెడ్తవా? నువ్వు ఏం కుషన్ పనోడివయ్యా?" అని నిలదీసింది. అడగాల్సిన మాటే. బొంత వీపు కింద ఉంటే పట్టీలు బొంతను పట్టుకుంటాయి, పిల్లను కాదు. కారు గుద్దుకున్న క్షణంలో బొంత పలచబడుతుంది, అంత మందం పట్టీ వదులవుతుంది, పిల్ల అందులోంచి జారుతుంది. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత పడకూడదు, అంత బిగువుండాలి. వెనక్కి కూర్చున్నప్పుడు పట్టీ భుజానికి సమంగా గాని కొంచెం కింద నుంచి గాని రావాలి, ముందుకు తిప్పాక భుజం పై నుంచి. చెప్పి చూపించాను. బొంత చివరికి పట్టీలు బిగించాక పై నుంచి కప్పడానికి ఒప్పందమైంది. చలికాలంలో పనికొస్తుంది.

మా పక్కనే సుల్తాన్‌పూర్‌లో 2017లో పునాది వేసిన మెడికల్ డివైసెస్ పార్కులో గుండెకు వేసే స్టెంట్లు తయారవుతున్నాయి. మా ఊరి గట్టు మీద నుంచి చూస్తే ఆ షెడ్లు కనపడతాయి. పిల్లల సీటు మాత్రం ఎక్కడెక్కడి నుంచో డబ్బాలో వస్తుంది. ఇంత ప్లాస్టిక్, ఇంత కుట్టుపని, ఇంత రెక్సిన్ తెలిసిన ప్రాంతంలో ఇది కూడా చేయొచ్చు కదా అనిపిస్తుంది. మా పనివాళ్లు ముందు మెత్తదనాన్ని మరవాలి.

ఆ మరుపు కొంచెం మొదలయింది. నా దగ్గర పని నేర్చిన పిల్లవాడు ఇప్పుడు బీరంగూడ కమాన్ వైపు షాపు పెట్టుకున్నాడు. పాత కవర్లకు బకిల్ దగ్గర చీల్చి దారి చేసిమ్మని అడిగేవాళ్లు వస్తున్నారని చెప్పాడు. ఉత్తగ కత్తెరతో కోస్తే నెల రోజుల్లో రెక్సిన్ చినుగుతుంది. చుట్టూ పట్టీ మడిచి, చొక్కా కాజా కుట్టినట్టు రెండు వరసలు కుట్టాలి, కింది ఫోము బకిల్ చుట్టూ వేలెడు వెడల్పున కోసి తీసేయాలి. ఒక్కో బకిల్‌కు నూట యాభై తీసుకుంటున్నాడు. మూడు బకిళ్లూ తీయించమని చెప్పు, పిల్ల సీటు ఉన్న వైపు ఒక్కటే అంటే ఒప్పుకోకు అన్నాను.